బొమ్మ అడుగున ముద్ర

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు కరువు భత్యం బకాయిల గురించో, వైద్య బిల్లుల గురించో నాలుగు మాటలు చెబుతాననుకుని ఉంటారు. ఆ సంగతులు నాకంటె బాగా తెలిసినవారు ఈ హాల్లోనే ఇరవై మంది ఉన్నారు. నేను ఒక బొమ్మ గురించి చెబుతాను. జపాను దేశపు పింగాణీ బొమ్మ. అయిదంగుళాల పొడుగు. నవ్వకండి. ముప్పై ఆరేండ్లు సర్కారు నౌకరి చేసి, ఇతరుల బిల్లుల మీద ఎర్రసిరాతో అభ్యంతరాలు రాసిన మనిషిని నేను. అటువంటివాణ్ణి సొంత ఇంట్లో ఒక చిన్న వస్తువు విషయంలో ఎంత తప్పు తీర్పు ఇచ్చానో చెప్పుకుంటే నాకు కొంచెం బరువు దిగుతుంది.

మాది కరీంనగర్ దగ్గర పల్లె. బాపు పట్వారీ. ఇంట్లో దేవుని గూటి పక్కన ఒక అద్దాల అల్మారా ఉండేది. అందులో ఈ బొమ్మ. తలమీద వెడల్పాటి టోపీ, టోపీకి ఎర్ర పువ్వు, కింద గంటలా విచ్చుకున్న నీలం గౌను, చేతిలో పూలబుట్ట, ఎర్రటి పెదవులు. మేము దాన్ని దొరసాని అనేవాళ్లం. మన దిక్కు దొరసాని అంటే గడీలో ఉండే ఆమె. ఈ దొరసాని మాత్రం ఇంగ్లీషు దొరసాని. నిలబెడితే ఒరిగిపోతున్నదని అవ్వ దాన్ని ఒక చెక్క పలక మీద లక్కతో అతికించింది. ఈ లక్క సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఎండాకాలం సెలవుల్లో వాడకట్టు ఆడపిల్లలు బొమ్మల పెండ్లి చేసేవారు. పెండ్లికూతురు ఎప్పుడూ ఈ దొరసానే. పెండ్లికొడుకు నిర్మల్ నుంచి మా చుట్టాలు తెచ్చిన కొయ్యబొమ్మ. తలపాగా, కోరమీసం. అటుకులు, బెల్లం, పుట్నాలతో విందు. మగపెండ్లివారి తరఫున పేచీ పెట్టే పని నాది. మా అక్క ఆడపెండ్లివారి పెద్ద. ఆమె నాకంటె ఏడేండ్లు పెద్దది. పెండ్లి అయిపోగానే దొరసానిని అల్మారాలో పెట్టి తాళం వేసేవారు. అక్క అద్దం దగ్గర నిలబడి “అది నాది” అనేది. అవ్వ ఊ అనేది కాదు, ఉహూ అనేది కాదు.

బాపుకు, నాకు, ఊరికీ తెలిసిన కథ వేరు. ఆ బొమ్మను మా తాత, అంటే అవ్వ తండ్రి, బొంబాయిలో కొన్నాడని, అవ్వ పెండ్లినాటి వస్తువని చెప్పుకునేవారు. తాత 1944లో పోయాడు. ఆ తేదీలో అనుమానం లేదు, తద్దినాలు పెట్టిన ఇల్లు. కనుక బొమ్మ తాతగారి గుర్తు. ఇంట్లో ఉండవలసిన వస్తువు. ఇదీ ఫైలు.

1960లో అక్క పెండ్లి అయి జగిత్యాల పోయింది. పోయేటప్పుడు బొమ్మ అడిగింది. బాపు “తాత ఇచ్చింది ఇంట్లనే ఉండాలె” అన్నాడు. అవ్వ తల వంచుకుని సామాను సర్దింది.

1987లో అవ్వ పోయింది. బాపు అంతకుముందే పోయాడు. పెద్దకర్మ అయిన మరునాడు గిన్నెలు, చెంబులు, చీరెలు పంచుకుంటుండగా అక్క మళ్లీ ఆ బొమ్మ మాట ఎత్తింది. అప్పుడు మొదటిసారి సంగతంతా చెప్పింది. తనకు ఎనిమిదేండ్లప్పుడు జ్వరం వచ్చి చావు దాకా పోయిందట. అవ్వ వేములవాడ రాజన్నకు కోడె మొక్కింది. జ్వరం తగ్గినాక 1951 శివరాత్రి జాతరకు తీసుకుపోయి మొక్కు చెల్లించింది. నేను అప్పుడు చంకలో పిల్లవాణ్ణి. జాతరలో గాజుసామాను, బొమ్మలు పరుచుకుని కూర్చున్న ఒకని దగ్గర అక్క ఈ బొమ్మను చూసి కదలలేదట. అవ్వ పాలమ్మిన పైసలు ముడి విప్పి మూడు హాలీ రూపాయలు ఇచ్చి కొన్నది. బాపు పైసా పైసాకు లెక్క రాసే మనిషి. బొమ్మకు మూడు రూపాయలంటే ఇల్లు లేచిపోతుంది. అందుకని “మా నాయన ఎప్పుడో కొన్నది, మా ఇంట్ల పడి ఉంటే తెచ్చిన” అని చెప్పింది. అక్కతో ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించింది. అవ్వ ఉన్నన్ని రోజులు అక్క ఆ ఒట్టు తప్పలేదు.

నేను ఏం చేశానో వినండి. లోపలికి పోయి బాపు చిట్టాలు ఉన్న సందుగ తెరిచి 1951 చిట్టా తీశాను. మాఘమాసం పుటలు తిరగేశాను. కోడె మొక్కు ఖర్చు ఉంది, బండి కిరాయి ఉంది, కొబ్బరికాయలు ఉన్నాయి. బొమ్మ లేదు. నలుగురు చుట్టాల ముందర ఆ పుట అక్కకు చూపించి “చూడక్కా, లెక్కలో లేదు” అన్నాను. నేను అప్పటికి సీనియర్ అసిస్టెంటును. వోచరు లేని ఖర్చు ఒప్పుకోకూడదని నేర్చినవాణ్ణి. అవ్వ పాల పైసలు బాపు చిట్టాలోకి ఎన్నడూ ఎక్కలేదన్న ఆలోచన నాకు రాలేదు. అక్క ఏమీ అనలేదు. బావ ఎడ్లబండి కట్టించాడు. రాకపోకలు ఆగలేదు గాని, ఆనాటి నుంచి మా ఇంటికి వస్తే ఆ అల్మారా ఉన్న గదిలోకి ఆమె పోలేదు.

ఇక బొమ్మల సంగతి. ఈ రెండేండ్లుగా కుదిరినంత చదివాను. హైదరాబాదు పోయి సాలార్‌జంగ్ మ్యూజియంలో జపాను గది ఒక పూటంతా చూశాను. ఆ మ్యూజియాన్ని నెహ్రూగారు ప్రారంభించింది కూడా 1951లోనే, డిసెంబరు 16న. మీలో చాలామంది చూసే ఉంటారు. గంటకొట్టే గడియారం దగ్గర కుర్చీ పట్టుకోవడానికి తొందరపడి పింగాణీ గదులు పరుగులో దాటిపోయి ఉంటారు. నేనూ అంతే. ఈసారి మాత్రం నిలబడ్డాను.

జపానులో పింగాణీ మొదలైంది 1600ల మొదట్లో, క్యూషూ దీవిలోని అరిటా ఊరి దగ్గర. కొరియా నుంచి వచ్చిన కుమ్మరులు ఆ పని నేర్పారని చెబుతారు. అప్పటిదాకా ప్రపంచానికి పింగాణీ అంటే చైనాదే. చైనాలో రాజవంశం మారి యుద్ధాలతో కొలుములు ఆగిపోయేసరికి, డచ్చి కంపెనీవాళ్లు జపాను వైపు చూశారు. 1659లో ఒక్క ఆర్డరులో యాభై వేలకు పైగా సామాన్లు అడిగారు. ఆ డచ్చి కంపెనీయే మన మచిలీపట్నంలో కొఠీ పెట్టి ఇక్కడి అద్దకం బట్టలు కొన్నది. ఆ బట్టలు జపాను దాకా పోయేవి, అక్కడ వాటిని సరస అనేవారు. అంటే మన బట్ట అటు పోయింది, వాళ్ల పింగాణీ పడమటికి పోయింది, లాభం మధ్యవాడు తిన్నాడు.

పాత్రలతో పాటు అప్పుడే బొమ్మలు కూడా పోయాయి. కిమోనో కట్టి నిలబడిన స్త్రీ బొమ్మలు, ఏనుగులు, కుస్తీ పట్టేవాళ్లు. ఇంగ్లండులో బర్లీ హౌస్ అనే పెద్ద భవంతి ఉంది. అక్కడ 1688లో ఇంటి సామాను జాబితా రాసినప్పుడు కుస్తీ పడుతున్న ఇద్దరు కుర్రాళ్ల బొమ్మను కూడా ఎక్కించారు. ఎక్కించింది మాత్రం ‘చైనా’ కుర్రాళ్లని. బొమ్మ జపానుది. పింగాణీ అంతా వాళ్ల లెక్కలో చైనాయే. స్టాకు రిజిస్టరు రాసిన గుమాస్తాకు శీర్షిక ఒక్కటే ఉంది, అందులో వేశాడు. మనం కూడా ఎన్ని వస్తువులను ‘ఇతరములు’ కింద వేయలేదు?

మన ఇండ్లల్లోకి వచ్చినవి ఆ ఖరీదైనవి కావు. వాటి కథ చాలా తర్వాతిది. మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఆడుకునే పింగాణీ బొమ్మలకు జర్మనీ పెట్టింది పేరు. 1914లో యుద్ధం రాగానే జర్మనీ సరుకు ఆగిపోయింది. అమెరికా దుకాణాలు ఖాళీ అయ్యాయి. ఆ ఖాళీలోకి జపాను వచ్చింది. మోరిమురా బ్రదర్స్ అనే వ్యాపార సంస్థ జర్మనీ నమూనాలో పింగాణీ తలల బొమ్మలు చేయించి అమెరికాకు పంపింది. నోరిటాకే కప్పులు, సాసర్లు మీలో కొందరు ఎరుగుదురు. ఆ కంపెనీని 1904లో పెట్టినది కూడా ఈ మోరిమురావారే. నగోయా నగరం, దాని దగ్గర సెటో అనే కుమ్మరుల ఊరు, ఈ ఎగుమతి బొమ్మలకు కేంద్రాలైనాయి. మన దేశానికి కూడా 1930లలో జపాను సరుకు వెల్లువగా వచ్చింది. బట్ట, గాజులు, పూసలు, అగ్గిపెట్టెలు, ఆటవస్తువులు. జపాను మాలు అంటే అగ్గువది, నాలుగు రోజుల్లో పోయేది అని మన పెద్దలు ఈసడించేవారు. మన దేవుళ్ల పింగాణీ బొమ్మలు సైతం జర్మనీలో, జపానులో పోతపోసి మనకు అమ్మినవారున్నారు. 1941 డిసెంబరులో జపాను యుద్ధంలోకి దిగడంతో ఆ రాకడ ఆగిపోయింది.

తయారీ పద్ధతి వింటే మీకు ఆశ్చర్యం వేస్తుంది. తెల్లమట్టిని అంబలిలాగా పలచగా కలుపుతారు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అచ్చులో పోస్తారు. అచ్చు నీళ్లు పీల్చుకుంటుంది. అచ్చు గోడకు మట్టి పొరగా పట్టగానే మిగిలిన అంబలిని వంపేస్తారు. లోపల డొల్ల. కాల్చేటప్పుడు లోపలి గాలి పోవడానికి అడుగున చిన్న రంధ్రం వదులుతారు. ఆ తర్వాత మెరుగు పూసి కొలిమిలో కాలుస్తారు. మంచి సరుకైతే రంగులు వేసి మళ్లీ కాలుస్తారు, అవి గాజులో కలిసిపోతాయి, వందేండ్లయినా పోవు. అగ్గువ సరుకైతే పెదవులు, పూలు వంటివి కాల్చిన తర్వాత పైపైన రంగు పూసి వదిలేస్తారు. చూడడానికి రెండూ ఒకటే. తేడా నీళ్లు తగిలినప్పుడు తెలుస్తుంది. నాకు అట్లాగే తెలిసింది.

మధ్యలో నిర్మల్ మాట ఒకటి చెప్పాలి. 1975 నుంచి నాలుగేండ్లు నేను నిర్మల్‌లో పనిచేశాను. అప్పుడది ఆదిలాబాద్ జిల్లా, జిల్లా వేరైంది 2016లో. సాయంత్రాలు నఖాషీలు పనిచేసే చోటికి పోయి కూర్చునేవాణ్ణి. 1955లోనే వాళ్లు సహకార సంఘం పెట్టుకున్నారు. అడవి నుంచి పొనికి కట్టె తెస్తారు. చేతిలో పెడితే బరువు ఉండదు. తేమ పోయేదాకా కాగబెట్టి, ముక్కలు చెక్కి, చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికి, నున్నగా చేసి, తెల్లమట్టి పూసి, దానిమీద రంగులు వేస్తారు. సీతాఫలం చేస్తే పిల్లవాడు కొరకబోయేటట్టు ఉంటుంది. ఒక ముసలి కారీగరును నేను అడిగాను, “కింద నీ పేరు రాసుకోవు గదా, ఎవరు చేసినరో ఎట్ల తెలుస్తది?” అని. “నాకు తెలుసు గద సారూ” అన్నాడు. అప్పటికి ఆ జవాబు చాలనిపించింది. తర్వాత మన నిర్మల్ బొమ్మలకు, కరీంనగర్ వెండి తీగపనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. కాని పొనికి చెట్టు నిదానంగా పెరిగేది, దగ్గరి అడవిలో దొరకడం కష్టమై ఎప్పటినుంచో ఆ పనివాళ్లు ఇబ్బంది పడుతున్నారు. కట్టె లేక పోతే గుర్తింపు కాగితాన్ని చెక్కలేరు గదా.

మా దొరసాని నిలబడిన పలక కూడా పొనికిదేనని నిర్మల్‌లో పనిచేశాకే గుర్తుపట్టాను. పలకను గుర్తుపట్టాను గాని, దాని కింద ఏముందో, పైన ఉన్న బొమ్మ అడుగున ఏముందో చూడాలని తోచలేదు.

రెండేండ్ల కిందట పాత సామాను కొనే ఒకాయన ఇంటికి వచ్చాడు. మా పాత గుంజలు, ఇత్తడి గంగాళం చూసి, అల్మారాలో దొరసానిని చూసి ఆగాడు. “ఎన్నాళ్లది సార్?” అన్నాడు. “మా తాతది, తొంభై ఏండ్ల కిందటిది, బొంబాయిది” అన్నాను. “నిజంగా అంత పాతదైతే మంచి ధర పలుకుతుంది, తుడిచి పెట్టండి, మా వాళ్లకు ఫోటో పంపుతా” అన్నాడు. మా అబ్బాయికి ఆశ పుట్టింది. అబద్ధమెందుకు, నాకూ పుట్టింది. అమ్మితే వచ్చిన దానిలో సగం అక్కకు పంపితే పాత బాకీ తీరినట్టు ఉంటుందని కూడా మనసులో ఒక లెక్క వేసుకున్నాను. చూడండి, అప్పటికీ లెక్కే.

మరునాడు పొద్దున వేడినీళ్లలో బట్టల సబ్బుపొడి కలిపి దొరసానిని ముంచాను. బ్రష్షుతో రుద్దాను. డెబ్బై ఏండ్ల మసి, నూనె జిడ్డు దిగిపోతుంటే సంతోషంగా ఉంది. నీళ్లు ఎర్రబారినాయి. బయటికి తీస్తే టోపీ మీది పువ్వు తెల్లగా ఉంది. మూతి లేదు. కళ్లున్నాయి, ముక్కుంది, పెదవులుండే చోట తెల్లగా నున్నగా ఉంది. నా భార్య చూసి “ఏం చేసినవయ్యా” అన్నది, అంతే.

అదే వేడికి లక్క మెత్తబడి పలక ఊడి చేతిలోకి వచ్చింది. బొమ్మ అడుగున గాలి రంధ్రం, దాని పక్కన ఎర్రటి అక్షరాలు. నా కంటికి ఆనలేదు. మనుమరాలు ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసి చదివింది. ‘మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్’.

అయ్యా, నేను బతుకంతా రబ్బరు స్టాంపుల మధ్య గడిపినవాణ్ణి. స్టాంపు చూస్తే తేదీ ఎప్పటిదని అడగడం నా అలవాటు. జపాను ముద్రల కథ ఇదీ. 1890లో అమెరికావాళ్లు ఒక సుంకాల చట్టం చేశారు. 1891 నుంచి వచ్చే సరుకు మీద ఏ దేశానిదో ఇంగ్లీషు అక్షరాల్లో ఉండాలన్నారు. జపానువాళ్లు ‘నిప్పాన్’ అని వేశారు, అది వాళ్ల దేశానికి వాళ్లు పెట్టుకున్న పేరు. 1921లో అమెరికా కస్టమ్స్‌వాళ్లు అది ఇంగ్లీషు మాట కాదని అభ్యంతరం పెట్టారు. అప్పటినుంచి ‘జపాన్’ అని, ‘మేడ్ ఇన్ జపాన్’ అని వచ్చింది. ముప్పై ఏండ్లు నడిచిన ముద్రకు అభ్యంతరం పెట్టినవాడు తప్పకుండా మన కులంవాడే, గుమాస్తా కులం.

రెండో ప్రపంచ యుద్ధంలో ఓడిపోయి 1945లో జపాను అమెరికా సైన్యాల ఏలుబడిలోకి పోయింది. ఊళ్లు కాలిపోయాయి, తిండి లేదు. బయటి దేశాలకు సరుకు అమ్మి ధాన్యం తెచ్చుకోవాలి. 1947లో ఎగుమతులు మళ్లీ మొదలుపెట్టనిచ్చారు గాని, సరుకు మీద ‘ఆక్రమిత జపానులో తయారైంది’ అని ముద్ర వేయమన్నారు. తన ఓటమిని తానే రబ్బరు స్టాంపుతో బొమ్మల అడుగున గుద్దుకోవడం. సెటోలో కూర్చుని జర్మనీ మైసెన్ బొమ్మలను చూసి అగ్గువ నకళ్లుగా దొరసానులను పోతపోసినవాడు, పూలబుట్ట దిద్దినామె, చివరికి బొమ్మను తిప్పి ఆ ముద్ర వేసినవారు ఎవరో, వాళ్ల ఇంట్లో ఆ పూట ఏం వండుకున్నారో. 1952 ఏప్రిల్ 28న ఆ ఏలుబడి ముగిసింది. ఆ ముద్ర కూడా పోయింది. ఆ ఏండ్లలో వచ్చిన సరుకంతటి మీదా ఆ మాట ఉండదు, కొన్నిటిమీద ఉత్త ‘జపాన్’ అనే ఉంటుంది. కాని ఆ మాట ఉన్న బొమ్మ మాత్రం 1947కు ముందుది కాదు.

అదే కాలంలో ఇంకొకటి జరిగింది. టోక్యో జంతుశాలలో యుద్ధంలో ఏనుగులు పోయాయని, తమకొక ఏనుగు కావాలని జపాను పిల్లలు నెహ్రూగారికి జాబులు రాస్తే, ఆయన 1949లో ఇందిర అనే ఏనుగును పంపారు. మన ఏనుగు అటు పోయింది, వాళ్ల దొరసాని ఇటు వచ్చింది.

మనుమరాలు ఫోన్లో చూసి ఇంకో సంగతి చెప్పింది. ఈ ముద్రకు విదేశాల్లో సేకరించేవారు ఉండడం చేత దొంగముద్రలు కూడా వేస్తారట. గోళ్ల రంగు తుడిచే ద్రావకంతో రుద్దితే దొంగది పోతుంది, మెరుగు కింద ఉన్నది పోదు. పిల్ల రుద్దింది. పోలేదు.

తాత పోయింది 1944. బొమ్మ 1947కు ముందు పుట్టలేదు. ఇక చెప్పేదేముంది. 1951 అని అక్క చెప్పిన మాట, ఆ అయిదేండ్ల నడుమ సరిగ్గా కూర్చుంది. బాపు చిట్టా అబద్ధం చెప్పలేదు, దానికి తెలియదు అంతే. అవ్వ లక్కతో అతికించింది బొమ్మ ఒరగకుండా ఉండడానికేనా, బాపుకు ఇంగ్లీషు చదవడం కొద్దిగా వచ్చుననా? అది ఇప్పుడు అడగడానికి మనిషి లేదు. నేను ఆ తడిబొమ్మను ఒళ్లో పెట్టుకుని అట్లా కూర్చున్నాను. 1987లో ఒక్కసారి ఆ పలక తిప్పి, లక్క గీకి చూసి ఉంటే అయిపోయేది. పరాయివాళ్ల బిల్లులైతే వెనక వైపు తిప్పి చూడకుండా ఏనాడూ పాస్ చేయలేదు.

ఆ సామాను కొనే ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. “ఆక్యుపైడా, అవి లక్షల్లో చేసినరు సార్, పెద్దగా రాదు, పైగా రంగు పోయిందంటున్నారు” అని పెట్టేశాడు. మా అబ్బాయి నిరాశ చెందాడు. నాకు ఊపిరి తిరిగింది.

ఆదివారం బస్సులో జగిత్యాల పోయాను. అక్కకు ఎనభై దాటింది. బావ లేడు. ఆమె మంచం మీద కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్నది. తువ్వాలలో చుట్టిన బొమ్మ ఆమె ఒళ్లో పెట్టాను. విప్పింది. చాలాసేపు చూసింది.

“మూతి ఏమాయెరా?” అన్నది.

చెప్పాను. సబ్బునీళ్ల సంగతి, లక్క సంగతి, ముద్ర సంగతి, తాత చనిపోయిన ఏడు, అన్నీ. కాగితం మీద రాసుకుపోయాను, మాటలు తప్పుతాయేమోనని. ఆ కాగితం చూసే చదివాను. చివర “నాదే తప్పక్కా, నలుగుట్ల నిన్ను అబద్ధమాడినట్టు చేసిన” అన్నాను. అది కాగితంలో లేదు.

అక్క బొమ్మను తిప్పి అడుగున ఉన్న అక్షరాల మీద వేలు పెట్టి రాసింది. ఆమెకు ఇంగ్లీషు రాదు. “గింత చిన్నగ రాస్తే ఎవలకు కనబడుతది తీయ్” అన్నది. తర్వాత కోడలిని పిలిచి నాకు చాయ్ పెట్టమన్నది. చాయ్ తాగుతుండగా అడిగింది, “బాపు చిట్టా ఉన్నదా ఇంకా?”

ఉన్నది. సంచిలో పెట్టుకునే పోయాను. ఎందుకు పెట్టుకున్నానో అప్పటిదాకా నాకే తెలియదు.

“గండ్ల రాయి” అన్నది.

ముగిసిన లెక్కలో కొత్త పద్దు రాయకూడదని మనందరికీ తెలుసు. కొట్టివేతలు, దిద్దుబాట్లు కూడదు. అందుకని మాఘమాసం పుట అంచున ఖాళీలో, నేటి తేదీ వేసి, వేములవాడ జాతరలో బొమ్మ, హాలీ రూపాయలు 3, అవ్వ పాల పైసల నుంచి, అని రాసి కింద నా పొట్టి సంతకం పెట్టాను. అక్క కళ్లద్దాలు తెచ్చుకుని రెండుసార్లు చదివింది. “అవ్వ పేరు నిండ రాయి” అన్నది. రాశాను.

దొరసాని ఇప్పుడు జగిత్యాలలోనే ఉన్నది. మునిమనుమరాలు ఏదో రంగు పెన్నుతో మూతి గీసిందట, కొంచెం వంకరగా ఉన్నదట. మీ ఇండ్లల్లో ఇటువంటివి ఉంటే నీళ్లలో ముంచకండి. పొడి మెత్తటి బట్టతో తుడవండి, అడుగు తిప్పి చూడండి, ఆడవాళ్లు చెప్పిన మాట కూడా వినండి. కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. డి.ఏ. సంగతి మాట్లాడేవారు ఇంకా ఇద్దరున్నారు. సెలవు.